కాస్త పక్కకి జరగండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు అద్దెకిచ్చి చూడు అని ఇంకో ముక్క కూడా అని ఉంటే బాగుండేది. కట్టిన ఇల్లు ఎక్కడికీ పోదు. చేసిన పెళ్ళి ఎలాగో ఒకలా నడిచిపోతుంది. అద్దెకిచ్చిన ఇంటి సంగతి అలా కాదు. ఖాళీ చేసేవాడు "ఈ మేకు నేను కొట్టింది కాదు" అంటాడు. ఇంటివాడు "నీకిచ్చినప్పుడు నా గోడలు వెన్నముద్దలు" అంటాడు. ఇద్దరూ పిల్లల మీద ఒట్టేస్తారు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని తెలుస్తూనే ఉంటుంది, ఎవరో మాత్రం తెలియదు. ఆ మేకు నోరు విప్పదు కదా.

మేకు తరఫున మాట్లాడ్డానికి మూలక్క ఉంది.

మూలక్క పనిచేసేది ఇళ్ళు చూసిపెట్టే ఒక చిన్న ఆఫీసులో. ఎక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ, మిగిల్చుకున్న డబ్బుని బ్యాంకులో నిద్రపుచ్చడం ఇష్టంలేక, ఇక్కడో ఫ్లాటూ అక్కడో ఫ్లాటూ కొని పెట్టుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళలో కొందరు తమ సొంతింటి గడప ఒక్కసారి కూడా తొక్కి ఉండరు. ఫోటోలు చూసి కొంటారు, ఫోటోలు చూసి అద్దెకిస్తారు, ఫోటోలు చూసే పోట్లాడతారు. ఆ ఫోటోలు తీసేది మూలక్క. కొత్తవాళ్ళు దిగే ముందు ఒకసారి, వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక ఒకసారి, ప్రతి గదినీ ఒకే మూల నుంచి తీస్తుంది. రెండూ పక్కపక్కన పెడితే ఏ గీత ఎవరి హయాంలో పడిందో పసిపిల్లలకైనా తెలిసిపోవాలి. గదిలో అడుగుపెట్టగానే తిన్నగా వెళ్ళి మూలకి వీపు ఆనించి నిలబడుతుంది కనుక వాచ్‌మన్లు ఆ పేరు పెట్టారు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

ఫోటోదేముంది, ఫోనుంటే ఎవరైనా తీస్తారు అనుకునేవాళ్ళు ఒక పూట ఆవిడ వెనకాల తిరిగి చూడాలి. దీపాలన్నీ వెయ్యాలి. కిటికీలు బార్లా తెరవాలి. ఫ్యాను తిరుగుతుంటే రెక్కలు కనపడవు, రేపు వంగిన రెక్కకి పూచీ ఎవరు, అందుకని ఫ్యాను ఆపాలి. కుళాయి తిప్పి నీళ్ళు పడుతుండగా తియ్యాలి. అలమారా తలుపులు తెరిచి పెట్టాలి, తలుపుకి అద్దం ఉంటే మరీనూ, లేకపోతే ఎదురుగా ఉన్నదంతా అద్దంలో పడుతుంది. ఫోను గుండెల ఎత్తులో పట్టుకుని ఊపిరి బిగబట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఫోటోలో మనిషి పొడ ఉండకూడదు. చిటికెన వేలు కూడా పడకూడదు. "మనిషి ఉంటే గోడ కనపడదు" అని మేనేజరు మొదటి రోజే చెప్పాడు. "చూసేవాళ్ళ కళ్ళు సరాసరి మొహం మీదకి పోతాయమ్మా. మనకి మొహాలతో పనిలేదు, గోడలతో పని."

ఆ మాట మూలక్క మనసులో నాటుకుపోయింది. ఎందుకంటే ఆవిడ ఈ పనిలోకి వచ్చిందే ఒక గోడ చేతిలో ఓడిపోయి. పెళ్ళైన కొత్తలో ఆలుమగలు ఉన్న వాటాలో, వంటగది గోడ మీద చేటంత తేమ మరక ఉండేది. వీళ్ళు దిగేనాటికే ఉంది. ఖాళీ చేసేటప్పుడు ఇంటామె ఆ మరక మీ గిన్నెల నీళ్ళ వల్లే అని అడ్వాన్సులో కోత పెట్టింది. మూలక్క నెత్తీ నోరూ కొట్టుకుంది. వినేవాడెవడు? ఆటోలో సామాను మధ్య కూర్చుని దారిపొడుగునా ఏడ్చింది. "ఒక్క ఫోటో ఉండుంటే మనదే గెలుపు" అంది మొగుడితో. ఆ "ఒక్క ఫోటో ఉండుంటే" అన్న మాట తన బతుకులో ఇంకోసారి, ఇంతకన్నా గట్టిగా అనుకోవాల్సి వస్తుందని అప్పటికి ఆవిడకి తెలీదు.

మొగుడు పెయింటరు. పొట్టి మనిషి, కాస్త బొజ్జ, చెవి మీద పెన్సిలు, భుజం మీద రంగులు తుడిచే గుడ్డ. ఏ రోజు ఏ ఇంట్లో పనిచేశాడో ఆయన మోచెయ్యి చూసి చెప్పేయొచ్చు. మూలక్క ఆఫీసులో చేరిన కొన్నాళ్ళకే ఆయనకీ ఆ ఇళ్ళ పనే దొరికింది. ఒకళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక, ఇంకొకళ్ళు దిగేలోపు, మేకుల బొక్కలన్నీ పుట్టీతో పూడ్చి, ఎమెరీ కాగితంతో రుద్ది, ఒక చేయి రంగు వెయ్యాలి. ఆయన పూడ్చాక ఇక్కడ మేకు ఉండేదని ఆ మేకు కొట్టినవాడే పోల్చుకోలేడు. పొద్దున ఇద్దరూ కలిసి బయల్దేరేవాళ్ళు, బకెట్టూ స్టూలూ ఆయన చేతిలో, తాళాల గుత్తి ఈవిడ చేతిలో. ఆయన పూర్తిచేసిన గోడల్ని ఆవిడ ఫోటో తీసుకుంటూ వెనకే వచ్చేది. కానీ రంగు పని ఫోటో పనంత చకచకా తెమిలేది కాదు. ఆవిడ మూలలో నిలబడి ఫోను ఎత్తేసరికి ఆయనింకా గదిలోనే ఎక్కడో ఉండేవాడు.

"కాస్త పక్కకి జరగండి."

జరిగేవాడు.

"ఇంకాస్త. మోచెయ్యి పడుతోంది."

మోచెయ్యి ముడుచుకునేవాడు.

"ఇంకొంచెం అండీ. బొజ్జ."

"ఇంకెక్కడికి జరగమంటావే? గోడలోకి పొమ్మంటావా?"

"పొండి. బొక్కకి పుట్టీ నేను పెట్టుకుంటాను."

ఈ సంభాషణ వాళ్ళ కాపురం మొత్తం నడిచింది. కాపురాల్లో ఇంతకన్నా ఎక్కువ మాటలు ఏముంటాయి గనుక? ఆయన తలుపు వెనకాల నక్కేవాడు, కిటికీ కింద గొంతుక్కూర్చునేవాడు, బాత్రూంలోకి దూరి లోపల్నుంచి "రావచ్చా మేడమ్?" అని అరిచేవాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి ఫోటో తీసినప్పుడల్లా ఆయన కూడా ఊపిరి బిగబట్టేవాడు, తన ఊపిరి కూడా ఫోటోలో పడుతుందేమో అన్నట్టు. ఒకసారి గట్టిగా వదిలేసరికి ఆవిడ చెయ్యి కదిలి ఫోటో చెడింది. అప్పుడు మాత్రం గట్టిగానే తిట్టింది.

మధ్యాహ్నం అయితే ఆ ఖాళీ ఇంట్లోనే, ఎండ పడే చోటు చూసుకుని నేల మీద కూర్చుని డబ్బాలు విప్పుకునేవాళ్ళు. అప్పుడు మొదలయ్యేది ఆయన ఆట. "చెప్పు, ఈ ఇల్లు మనదైతే మంచం ఎటేస్తావు?" అనేవాడు. ఆవిడ ఫలానా గోడకి అనేది. "అబ్బే, పొద్దున్నే మొహాన ఎండ కొడుతుంది. ఇటేద్దాం" అని లేచి, రెండు చేతులూ చాపి, లేని మంచాన్ని లేని పరుపుతో సహా ఈ గోడ నుంచి ఆ గోడకి ఈడ్చేవాడు. అలా వాళ్ళు ఊళ్ళో ఉన్న ఇళ్ళన్నిటిలోనూ కాపురం పెట్టారు. ఎప్పటికైనా ఒకటి కొందామనీ, దాన్ని మాత్రం ఎవరికీ అద్దెకివ్వకుండా తామే ఉందామనీ అనుకునేవాళ్ళు. తిన్నాక ఆవిడ మెతుకు లేకుండా నేల తుడిచేది. ఫోటోలో ఆ ఇంట్లో ఎవరూ తిన్నట్టు ఉండకూడదు.

ఒకరోజు అలాంటి ఎండలోనే ఆయన, మొహం నిండా తెల్లటి తుంపర్లతో, స్టూలు మీంచి "ఏయ్, నన్నూ ఒకటి తియ్యవే. ఇవాళ బాగున్నానట, వాచ్‌మన్ అన్నాడు" అన్నాడు.

"ఆఫీసు ఫోనండీ. సొంతవి తియ్యకూడదు. మళ్ళీ చోటు చాలదు."

"నిజమేలే. నన్ను తీస్తే నాకేమైనా అద్దొస్తుందా?" అని నవ్వి గోడ వైపు తిరిగాడు.

ఆవిడా నవ్వేసింది. రోజూ కళ్ళెదుట ఉండే మనిషికి ఫోటో ఎందుకు? ఆవిడకి సొంత ఫోను ఒకటి ఉండేది గానీ అది ఓసారి రంగు బకెట్టులో పడి, తెల్లగా తేలి, మళ్ళీ పలకలేదు. దాంతోపాటే అందులోని నాలుగు ఫోటోలూ పోయాయి. ఆయనది బటన్ల ఫోను. దానికి కెమెరా కూడానా?

తర్వాత ఒక ఉదయం ఆయన బ్రష్షులు కడుగుతూ కడుగుతూ, "ఎడం పక్కన ఎలాగో ఉందే, కాస్త నడుం వాలుస్తాను" అన్నాడు. వాల్చాడు. మూలక్క డబ్బాలు సర్ది లేపడానికి వెళ్ళేసరికి ఆయన లేడు. గుండె అన్నారు. ఇంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు, ఉన్నా చెప్పబుద్ధి కాదు.

చెల్లెలు పూనుకుని ఫోటో చేయించింది. ఇంట్లో ఉన్నవి రెండే. ఒకటి పెళ్ళిది, అందులో ఆయన సన్నగా రివటలా, సరిగ్గా ఆ క్షణానికే రెప్ప వేసి ఉన్నాడు. రెండోది గుర్తింపు కార్డు మీదది. ఆ కార్డుల్లో ఎంత మంచివాడైనా దొంగలాగే ఉంటాడు. స్టూడియో అతను దాన్నే పెద్దది చేసి, చెంపలు నున్నగా దిద్ది, జుట్టు పాపిడి తీసి, పైన నల్లకోటు తొడిగాడు. జీవితంలో కోటు మొహం చూడని మనిషి. చెల్లెలు దాన్ని గోడకి తగిలిస్తే మూలక్క చాలాసేపు చూసి, "ఎవరే ఈయన?" అంది. చెల్లెలు భోరుమంది. మూలక్కకి ఏడుపు రాలేదు. నిజంగానే ఆయనెవరో తెలియలేదు ఆవిడకి.

కొన్ని నెలలు గడిచాయి. పని ఆగదు కదా, కొత్త పెయింటరు వచ్చాడు. అతను తన పని తాను చేసుకుని, మూలక్క వచ్చేసరికే వెళ్ళిపోతాడు. పక్కకి జరగమని చెప్పడానికి గదిలో ఎవరూ ఉండరు. ఒకనాడు ఆవిడ ఫోను గుండెల దాకా ఎత్తి, కళ్ళు మూసుకుని, ఆయన్ని తలుపు దగ్గర నిలబెట్టుకోబోయింది. పెన్సిలు వచ్చింది. గుడ్డ వచ్చింది. మోచెయ్యి వచ్చింది. మొహం దగ్గరికి వచ్చేసరికి కోటు వేసుకున్నాయన వచ్చాడు. ఎంత ప్రయత్నించినా ఆయనే. మనిషి ఒకసారి పోయాడు సరే, ఇప్పుడు తన తలలోంచి కూడా పోతున్నాడు.

ఆ రోజు నుంచి ఆవిడకి ఒకటే కోరిక. ఆయన ఫోటో కావాలి. పెళ్ళిదీ కాదు, కార్డుదీ కాదు. మామూలు రోజున, పనిలో, రంగు మరకలతో ఉన్న తన మొగుడు కావాలి. ఒక్కటి చాలు.

వెతకడం మొదలుపెట్టింది. ఆఫీసు కంప్యూటర్లో ఇన్నేళ్ళ ఇళ్ళూ ఇంటి నంబర్ల వారీగా ఉన్నాయి. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక ఒక్కొక్క ఇల్లూ తెరిచి చూసేది. వేల గదులు. దీపాలన్నీ వెలుగుతున్న గదులు, బార్లా తెరిచిన కిటికీలు, ఆగిన ఫ్యాన్లు. ఏ గదిలో మంచం ఎటేశారో ఆవిడకి ఇప్పటికీ గుర్తే. ఫలానా ఫోటో తీసేటప్పుడు ఆయన తలుపు వెనకాల ఉన్నాడు, ఫలానాది తీసేటప్పుడు కిటికీ కింద ఉన్నాడు. ఆవిడకి తెలుసు. కానీ ఫోటో మాత్రం ఇక్కడెవరూ లేరనే చెబుతోంది. ఒకదాంట్లో స్టూలు కాలు దొరికింది. ఒకదాంట్లో బకెట్టు. ఒక బాల్కనీ నేల మీద నీడ కనపడింది, పెద్దది చేసి చూస్తే బట్టలారేసుకునే స్టాండుది. ఎంత బాగా పనిచేసిందీ మహాతల్లి! ఒక్కటంటే ఒక్క చెడిన ఫోటో మిగల్చలేదు. మేనేజరు ఆవిడ ఫోటోల్ని కొత్తవాళ్ళకి చూపించి "ఇలా తియ్యాలి" అని చెప్పేవాడు. తన పనితనం మీద తనకే అంత కోపం రాగలదని మూలక్క ఎప్పుడూ అనుకోలేదు.

గేటు కెమెరా గుర్తొచ్చింది. ఆఫీసువాళ్ళు చూసే ప్రతి బిల్డింగుకీ గేటు మీద ఒక కెమెరా ఉంటుంది. ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు, చెప్పకుండా సామాను ఎవరు తరలించారు, అన్నీ అందులో ఉంటాయి. పెయింటరు ఏ గేట్లో అడుగుపెట్టినా, బకెట్టు కింద పెట్టి మరీ, ఆ కెమెరాకి సెల్యూట్ కొట్టేవాడు. మూలక్క పరుగులాంటి నడకతో మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది నెల రోజులదే ఉంచుకుంటుందమ్మా. తర్వాత పాతదాని మీదే కొత్తది రాసేసుకుంటుంది."

"చెరపమని ఎవరు చెప్పారు సార్?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. దాని పద్ధతే అంత."

అంటే ఆ సెల్యూట్ల మీద ఎవరెవరో నడుచుకుంటూ వెళ్ళిపోయారన్నమాట. పాలవాడు, కొరియరువాడు, తను. ఆవిడ ఆ సాయంత్రం గేటు కింద నిలబడి కెమెరాని చూసింది. వాచ్‌మన్ "ఏంటక్కా, దుమ్ము పట్టిందా?" అని అడిగితే పట్టలేదని చెప్పి ఇంటికి వెళ్ళిపోయింది.

ఇక దొరకదనుకుని వెతకడం మానేసిన రోజుల్లో భూతద్దం అమ్మగారి ఫ్లాటు ఖాళీ అయింది.

భూతద్దం అమ్మగారంటే ఆఫీసులో అందరికీ హడలే. ఆవిడ రిటైరైన టీచరు. ఉద్యోగమంతా పరీక్ష పేపర్లు దిద్ది, దాచుకున్నదంతా పెట్టి ఈ ఫ్లాటు కొనుక్కుంది. ఉండేది దూరంగా. రావడం తక్కువ, కానీ ఫోటోలు పంపితే చాలు, ప్రతిదాన్నీ పెద్దది చేసుకుని చూసి, తప్పున్న చోటల్లా ఫోను మీదే వేలితో ఎర్ర సున్నా చుట్టి తిప్పి పంపుతుంది. చీమ తల అంత బెజ్జానికీ సున్నా, దీపం నీడకీ సున్నా. "రంధ్రాన్వేషణ అంటే వినడమే, ఇప్పుడు చూస్తున్నాను" అనేవాడు మేనేజరు.

మూలక్క ఒక్కతే ఆ ఫ్లాటుకి వెళ్ళింది. హాలు అయింది, వంటిల్లు అయింది. పడగ్గదిలోకి వెళ్ళి అలవాటుగా మూలకి వీపు ఆనించింది. ఎదురుగా అలమారా, దాని తలుపుకి నిలువుటద్దం. తలుపు తెరవడం మర్చిపోయింది. అద్దంలో తను పడలేదు గానీ, తలుపు పక్కన తెల్లటి గోడ కనపడింది. ఆ గోడనే చూస్తూ ఉండిపోయింది.

గుర్తొచ్చింది. ఈ గదే. ఈ అద్దమే. ఆ రోజు వాన, కింద కొత్తవాళ్ళ సామాను లారీలో తడుస్తోంది, "తొందరగా కానివ్వక్కా" అని వాచ్‌మన్ ఒకటే కేకలు. ఆ కంగారులో అలమారా తలుపు తెరవకుండానే ఫోటో తీసి పంపేసింది. మెట్లు దిగుతుండగానే అమ్మగారి దగ్గర్నుంచి ఎర్ర సున్నాతో ఫోటో తిరిగొచ్చింది. "అద్దంలో ఎవరీ మనిషి? ఇల్లు ఖాళీగా ఉందన్నారు కదా? తీసేసి మళ్ళీ పంపండి."

మూలక్కకి తల కొట్టేసినట్టయింది. "జరగమన్నానా లేదా మిమ్మల్ని?" అని మెట్ల మీదే మొగుడి మీద ఎగిరింది. "జరిగానే బాబూ, ఇంక జరిగితే పక్క ఫ్లాట్లోకే" అన్నాడాయన. ఫోను లాక్కుని చూసుకుని, "పోన్లే, మరకలతో పాటు నన్నూ లెక్కలోకి వేసుకుంది ఆ తల్లి" అని పడీ పడీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. మళ్ళీ పైకెళ్ళి, ఆయన్ని బయటే నిలబెట్టి, ఇంకో ఫోటో తీసి పంపింది. మొదట పంపినదాన్ని అమ్మగారి ఫోన్లోంచి కూడా వెనక్కి తీసేసుకుంది. మేనేజరు కంట పడితే పరువు పోతుందని ఎర్ర సున్నాదాన్ని కూడా తన ఫోన్లోంచి చెరిపేసింది. తన చేత్తోనే చేసింది అదంతా.

కానీ అమ్మగారు చుట్టిన సున్నా అమ్మగారి దగ్గర ఉండాలి కదా!

ఓనర్లకి సొంత గొడవలు చెప్పకూడదని ఆఫీసు నియమం. మూలక్క ఆ ఖాళీ గదిలో అటూ ఇటూ తిరిగింది. రెండుసార్లు ఫోను ఎత్తి దించింది. చివరికి నంబరు నొక్కేసింది.

"చెప్పమ్మా. సింకు కింద ఫోటో రాలేదు" అంది అటునుంచి గొంతు.

"పంపుతానమ్మగారూ. అది కాదు... ఒకటి అడగాలి." మూలక్క చెప్పింది. వాన, లారీ, అద్దం. అద్దంలో ఉన్నది తన భర్త అని చెప్పింది. ఆయన ఇప్పుడు లేడని చెప్పింది. ఆ ఫోటో ఇంకా ఉందా అని అడిగింది.



"నేను పాతవేవీ తీసెయ్యను. ఎప్పుడు ఏ తగాదా వస్తుందో ఎవరికి తెలుసు?" అంది అమ్మగారు. "కానీ ఫోను మార్చాను. పాతది ఎక్కడ పెట్టానో చూడాలి. అది పనిచేస్తుందో లేదో."

"చూస్తారా అమ్మగారూ?"

"చూస్తానని మాటివ్వలేదు. చూడాలి అన్నాను. సింకు ఫోటో పంపించు."

ఆ తర్వాత మూలక్క ఫోను మోగినప్పుడల్లా చేతిలో పని వదిలేసి చూసేది. వచ్చేవి సున్నాలే. స్విచ్చుబోర్డు పక్కన గీతకి ఒక సున్నా. కిటికీ గడియకి ఒకటి. సింకు కింద తుప్పుకి రెండు. ఒక్కొక్కదానికీ ఓపిగ్గా జవాబు రాసింది. ఫోటో ఊసు మాత్రం ఆవిడ ఎత్తలేదు, ఈవిడ అడగలేదు. రెండోసారి అడిగితే లేదంటుందేమోనని భయం. అడగనంత కాలం ఎక్కడో ఒక డ్రాయర్లో, ఛార్జింగు లేని ఒక ఫోన్లో, తన మొగుడు ఉండే అవకాశం ఉంది. అదైనా మిగలనీ అనుకుంది. ఇంట్లో కోటాయన్ని గోడ వైపు తిప్పి పెట్టేసింది. ఆయన తప్పేమీ లేదు పాపం, కానీ ఆయన్ని చూసినకొద్దీ అసలు మనిషి కరిగిపోతున్నాడు.

ఒక మధ్యాహ్నం వేరే వీధిలో, వేరే ఖాళీ ఇంట్లో, ఎండ పడే చోట కూర్చుని డబ్బా విప్పబోతుంటే ఫోను మోగింది. మళ్ళీ ఏ గడియకో సున్నా అనుకుంటూ తెరిచింది.

ఆ పడగ్గది. ఆ అలమారా. అద్దంలో, తలుపు పక్కన గోడకి, బల్లిలా అతుక్కుని ఆయన.

మడమలు గోడకి ఆనించి, గడ్డం పైకెత్తి, బొజ్జ వీపుకి అంటుకునేలా లోపలికి పీల్చుకుని నిలబడ్డాడు. రోలరు వీపు వెనకాల దాచుకున్నాడు, దొంగతనం చేసి దొరికిపోయిన పిల్లాడిలా. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. ఊపిరి బిగబట్టాడు. ముక్కు మీద తెల్లటి చుక్క. చూపు ఫోను వైపు లేదు, ఫోను వెనకాల ఉన్న మనిషి వైపు ఉంది, నవ్వు ఆపుకుంటోంది. ఎడమ చెయ్యీ, పెన్సిలున్న చెవీ అద్దం అంచు దగ్గర తెగిపోయాయి. పాపం, అటే జరిగాడు. ఆయన చుట్టూ ఎర్ర సున్నా.

ఇదీ మొహం. ఇదే. ఇన్నాళ్ళూ ఎలా మర్చిపోయింది?

కింద అమ్మగారి మాటలు ఉన్నాయి. "దొరికింది. నువ్వు పంపింది నువ్వే వెనక్కి తీసుకున్నావు, నేను సున్నా చుట్టినదే మిగిలింది. ఆ రోజు మరకలు వెతికే కళ్ళతో చూశానమ్మా, మనిషిని మనిషిలా చూడలేదు. ఏమీ అనుకోకు. ఆ సున్నా చెరిపే దారి ఉందేమో తెలిసినవాళ్ళనెవరినైనా అడుగు."

మూలక్క తడికళ్ళతో తడుముకుంటూ జవాబు రాసింది. "ఉండనివ్వండి అమ్మగారూ." ఎందుకో రాయలేదు. రాయడానికి మాటలు చాలవు. ఇన్నేళ్ళలో, ఇన్ని వేల గదుల్లో, ఇక్కడొక మనిషి ఉన్నాడు చూడండి అని చూపించింది ఆ ఒక్క సున్నాయే. మిగతావన్నీ ఎవరూ లేరని చెప్పినవే, అవన్నీ తను తీసినవే.

ఆవిడ వెళ్ళి మూలకి వీపు ఆనించి, అలాగే నేల మీదకి జారి కూర్చుంది. ఫోటో చూస్తూ ఉండిపోయింది. ఆయన వెనకాల గోడకి ఆ రోజు ఏ రంగు వేశారని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది, అది ఆవిడకి కనపడటం లేదు. మేనేజరు చెప్పింది నిజమే. మనిషి ఉంటే గోడ కనపడదు.

తెగిపోయిన చెయ్యీ చెవీ కూడా వస్తాయేమోనని వేలితో ఫోటోని ఈ పక్కకి లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. ఖాళీ ఇంట్లో ఎవరూ లేరు గనుక పైకే అంది, ఎప్పటిలాగే, కాస్త విసుగ్గానే.

"కాస్త ఇటు జరగండి."